గడపలో అన్న మాట

మా అక్క కూతురికి నాలుగేళ్లు. నన్నే అమ్మా అంటుంది. ఇప్పుడు పక్కన నిద్రపోతోంది. ఊపిరి వినిపించనప్పుడల్లా రాయడం ఆపి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

కాల్పుల భయానికి ఛత్తీస్‌గఢ్‌లో మా ఊరు ఖాళీ అయినప్పుడు అడవి దాటి భద్రాచలం వైపు వచ్చాం. చిన్నదాన్నని నన్ను హాస్టల్లో వేశారు. అక్కడ తెలుగు నేర్చుకుని డిగ్రీ దాకా చదివాను. అక్కేమో మిరప చేలల్లో తెలుగు నేర్చుకుంది. పిల్ల పుట్టిన ఏడాది మిరపకాయలు ఏరడానికి బోనకల్ వైపు వెళ్తూ, ఘాటుకు పసిదాని కళ్లు మండుతాయని పాల్వంచలో నా కిరాయి గదికి తెచ్చి నాకప్పగించింది. నాకు పెళ్లి కాలేదు, బిడ్డను ఎలా ఎత్తుకోవాలో కూడా తెలియదు. ఓనరమ్మ ఎదురుగా ఉందని అక్క మా భాషలో కాక తెలుగులోనే, "పోతున్న," అంది.

"పోతున్న అనొద్దే. పోయొస్త అనాలె," అన్నాను. హాస్టల్లో నాకు మొట్టమొదట దిద్దిన మాట అది.

"అబ్బో, నీ సదువు నీ దగ్గర్నే ఉంచుకో. పిల్ల పైలం."

పని నుంచి వస్తుంటే ట్రాక్టర్ ట్రాలీ కాలువలో తిరగబడింది. అక్క పోయింది. బావ అడవి అవతలికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. పిల్ల చాలా రోజులు పాలు లేని నా రొమ్ము వెతుక్కుంది.

మొన్నీమధ్య అంగన్‌వాడీకి బయల్దేరి గడపలో ఆగింది. "అమ్మా, పోతున్న." అచ్చం అక్క బొంగురు గొంతు. అక్క పోయేనాటికి దీనికి మాటలే రావు.

"ఏందే, పొద్దుగాల్నే గా మాట? పోయొస్త అను," అంది ఓనరమ్మ.

ఇక ఇంటికొచ్చాక అదే ఆట. "అవ్వా, పిల్లి పోయొస్తది. అవ్వా, కరెంటు పోయొస్తది." ఓనరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాడు మాత్రం మళ్లీ "పోతున్న" అంది. నేను అరిచి, చెయ్యి పట్టి లోపలికి లాగేశాను.

అప్పటినుంచి గడప దాటనంటోంది. "పోతే మళ్ల రానా, అమ్మా?"

మా భాషలో బయల్దేరేటప్పుడు ఏమంటామో గుర్తు చేసుకున్నాను. పోతున్న అనే అర్థం వచ్చే మాటే అంటాం. మా అమ్మ రోజూ అలాగే చెప్పి అడవికి వెళ్లేది, పుల్లల మోపుతో తిరిగొచ్చేది. అక్క ఆ మాటనే తెలుగులో అంది. అందులో చావు వినిపించింది నా చెవులకే.

అలా అనుకున్నా భయం పోలేదు. ఈ పొద్దున పిల్లను ఎత్తుకుని అంగన్‌వాడీకి తీసుకెళ్లాను. గేటు దగ్గర నా మెడ వదల్లేదు.

"ముందు నువ్ జెప్పు."

పోతున్న అని మా భాషలో చెప్పాను. అక్క పోయాక ఆ భాషలో మాట్లాడటానికి నాకెవరూ లేరు. గొంతు ఎవరిదోలా వచ్చింది.

"గదేంది!" అని కిలకిలా నవ్వి, కిందికి జారి, "పోతున్న," అంటూ లోపలికి పరుగెత్తింది.

నేను గేటు పట్టుకునే ఉన్నాను. లోపల ఎవరి బొమ్మనో గుంజుకుంటోంది, వెనక్కి చూడలేదు. ఆయమ్మ బయటికొచ్చింది.

"పిల్ల మంచిగనే ఆడుకుంటుంది. నువ్వేంది ఏడుస్తవు? పో ఇగ."