హెల్మెట్లతో పెళ్లిచూపులు

మా బావ కొత్త వస్తువేదైనా కొన్నాడంటే ఇంటిల్లిపాదికీ మూడినట్టే. బావ అంటే మా అక్క మొగుడు. విజయనగరంలో మా బట్టల కొట్టుకి రెండు వీధుల అవతల ఉండేవాడు. నా పెళ్లిచూపులకి ముందురోజు రెండు చిన్న డబ్బాలు పట్టుకొచ్చాడు. వాటిని హెల్మెట్ పక్కన తగిలించుకుంటే, రెండు బళ్ల మీద వెళ్లేవాళ్లు దారి పొడుగునా కబుర్లు చెప్పుకోవచ్చట. ఫోనొస్తే చెవిలోనే మోగుతుందట. ఫోన్లో మ్యాపు పెడితే దారి కూడా చెవిలోనే చెబుతుందట. మ్యాపు చూసి ఊళ్లు వెతకడం మాకింకా వింతగా ఉన్న రోజులవి, రెండు వేల పదిహేడో పద్దెనిమిదో.

"మీవోళ్లని కార్లో ఎల్లనీ. మనిద్దరం బళ్ల మీద ఎల్దాం. రాజాల్లాగుంటాది" అన్నాడు.

మామూలుగా అయితే తిట్టేవాణ్ణి. కానీ పెళ్లిచూపుల మాటలు వింటూ కార్లో కూర్చోవడం కంటే ఏదైనా నయమే అనిపించింది. అంతకు ముందు ఏడాది ఒక సంబంధం కుదిరి, తాంబూలాలకి వారం ఉందనగా తప్పిపోయింది. ఆ అమ్మాయికి మొదటి నుంచీ ఇష్టం లేదని, ఇంట్లోవాళ్లకి భయపడి తలూపిందని ఆఖర్న తెలిసింది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు, నా మీద నాకే వచ్చింది. ఎదురుగా కూర్చుని, పెట్టిన స్వీటు తిని, ఒక్క ముక్క అడగకుండా లేచి వచ్చినవాణ్ణి నేనే కదా. అందుకే ఈసారి ఒట్టు పెట్టుకున్నాను. పక్కన పెద్దవాళ్లెవరూ లేకుండా, అమ్మాయి తన నోటితో తాను ఇష్టమని చెబితే తప్ప సరే అనకూడదని. ఈ సంగతి బావకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తెల్లారగానే వాకిట్లో హెల్మెట్లు కలిపే కార్యక్రమం మొదలైంది. బొత్తాం నొక్కిపట్టుకుంటే ఎర్రదీపం, నీలందీపం మార్చిమార్చి వెలగాలి. నాది వెలిగింది. బావది వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది. బావ నెత్తిన హెల్మెట్‌తో "హలో, హలో" అంటూ ముగ్గు తొక్కుకుంటూ తిరుగుతుంటే, లోపల అక్క ఫోను పట్టుకుని "హలో, పిన్నీ, హలో" అని అరుస్తోంది. సంగతేమిటంటే, పరీక్షకని బావ ముందురోజు అక్క ఫోనుని తన హెల్మెట్‌కి కలిపి, విడదీయడం మరిచిపోయాడు. పిన్ని మాటలన్నీ బావ చెవిలో పడుతున్నాయి.

"మీ ఆయనకి ఈ బొమ్మలాటలు ఇంకా తగ్గనేదేటే?" అందట పిన్ని.

"తగ్గనేదు అత్తా, నానే మాటాడతన్నాను" అన్నాడు బావ వినయంగా.

నేను మెట్ల మీద కూలబడి నవ్వాను. అక్క ముందు నవ్వి, తర్వాత తిట్టింది. అంతా విప్పి, మళ్లీ కలిపి, నా ఫోన్లో మ్యాపు పెట్టేసరికి కారు ఎప్పుడో వెళ్లిపోయింది. బయలుదేరే ముందు బావ సూత్రం చెప్పాడు. "ముందు ఫోను, తరవాత మ్యాపు, ఆకర్ని మన కబుర్లు. పెద్దది మాటాడితే సిన్నది నోరు మూసుకోవాలి. అచ్చం మనింట్లో లాగే."

రోడ్డెక్కాక నాకు పట్టలేనంత సంబరమొచ్చింది. "ఒరే, ముందు లారీ ఉన్నాది" అనేవాడు బావ. "సూశాను బావా" అనేవాణ్ణి. "లారీ మీద మేక ఉన్నాది, అది సూశావా?" అనేవాడు. ఇద్దరం మీసాలొచ్చిన మగాళ్లం, ఒకడు పెళ్లికొడుకు కాబోయేవాడు, దారిలో రణస్థలం ఊరొచ్చేదాకా మేక మీదే మాట్లాడుకున్నాం. శ్రీకాకుళంలో టీ కోసం ఆగి, ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని కూడా హెల్మెట్లలోంచే కబుర్లాడాం. టీ కొట్టాయన మా ఇద్దరికీ గ్లాసులు దూరం నుంచే అందించాడు.

అమ్మాయి వాళ్లది శ్రీముఖలింగం దగ్గర ఊరు, వంశధార ఒడ్డున. మ్యాపులో ఆవిడ దగ్గరిదారి అంటూ మమ్మల్ని ఊళ్లలోంచి, తోటల్లోంచి తిప్పి తీసుకెళ్లి, నదికి ఇవతలి ఒడ్డున ఇసుకలో నిలబెట్టి, తిన్నగా వెళ్లమంది. ఎదురుగా నీళ్లు. ఊరు అవతల. గేదెల్ని కడుగుతున్న ఒక పెద్దాయన మా గోడు విని, "ఆ ఫోనుకి ఈత వచ్చునేటి బాబూ?" అని అడిగాడు. వెనక్కి తిరిగి, వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లేసరికి గంట ఆలస్యం. వసారాలో కూర్చున్న మా నాన్న చూసిన చూపుకి ఇద్దరం హెల్మెట్లు తీసి గుండెలకి హత్తుకున్నాం.

ఫలహారాలయ్యాయి. అమ్మాయి వచ్చి చాప మీద కూర్చుంది. వాళ్లది కిరాణా కొట్టు, అందులో కంప్యూటరు తనే చూసుకుంటుందని వాళ్ల నాన్న చెప్పాడు. బావ నా ఒట్టు గుర్తుపెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలిద్దరూ పెరట్లో ఓ ఐదు నిమిషాలు మాటాడుకుంటే బావుంటాదేమో మామ్మగారూ."

అమ్మాయి నాయనమ్మ తమలపాకు ఈనె తీస్తూ తల అడ్డంగా ఊపింది. "మా ఇంట్లో తాళి కట్టినాకే ఏరేగా మాటలు బాబూ. ఏటున్నా ఇక్కడే, మా ముందే మాటాడుకోమను."

పదిమంది ముందు ఏమని అడుగుతాను? పదిమంది ముందు అడిగితే వచ్చే జవాబేమిటో పోయినేడాదే చూశాను. ఈ సంబంధానికీ నీళ్లు వదులుకోవలసిందే అనుకున్నాను. అప్పుడు అమ్మాయి తలెత్తి బావ ఒళ్లో హెల్మెట్ చూసి, "ఆ డబ్బా ఏటండీ?" అంది.

బావకి అడిగేవాళ్లుంటే చాలు. డబ్బా కథంతా చెప్పి, "అలా పెరట్లోకి ఎల్లి సూడమ్మా, గోడల అవతలికి ఇనిపిస్తాదో నేదో తెలుస్తాది" అని హెల్మెట్ చేతికిచ్చాడు. వాళ్ల నాన్నకి కూడా సరదా పుట్టి "ఎల్లు, ఎల్లు" అన్నాడు. అమ్మాయి పెరట్లో, నేను వసారాలో, మధ్యలో ఇల్లంతా. నాయనమ్మకి ఇందులో తప్పేమీ కనబడలేదు. పట్టుచీర మీద హెల్మెట్ పెట్టుకుని, కనకాంబరాల జడ ఊగుతుంటే, అమ్మాయి వంటింట్లోంచి అవతలికి వెళ్లిపోయింది. నేనూ నాది పెట్టుకున్నాను.

"ఇనిపిస్తన్నాదా?" చెవిలో గొంతు.

"ఊఁ."

"ఎవరూ నేరు, నానడుగుతాను సెప్పండి. మీ ఇంటికొస్తే నన్ను కొట్లో కూకోనిస్తారా?"

"ఊఁ." ఇది నిజమే, మా అక్క కూర్చునేది.

"మీ అమ్మగారి ముందు మీరు నోరిప్పుతారా?"

అమ్మ వంక చూశాను. అమ్మ నా వంకే చూస్తోంది. "ఊహూఁ."

నవ్వు వినబడింది. ఒక అమ్మాయి నవ్వు అంత దగ్గరగా, చెవిలో మోగినట్టు, నేనెప్పుడూ వినలేదు. నాకు చెవులు వేడెక్కాయి.

"కత సెబుతన్నాదేటి? అబ్బాయి ఊఁ కొడతన్నాడు" అంది నాయనమ్మ.

ఇక లాభం లేదని అద్దం కిందికి దించుకుని, పెదవులు కదిలీ కదలకుండా అడిగేశాను. "ఎవరికీ భయపడకుండా సెప్పండి. మీకు ఇష్టమేనా? ఇష్టం నేకపోతే నానే వొద్దని సెప్పేస్తాను, మాట మీ మీదికి రానివ్వను."

అమ్మాయి "నాకు..." అంది.

సరిగ్గా అప్పుడు జేబులోని మ్యాపు మేలుకుంది. రెండు వందల మీటర్ల తర్వాత వెనక్కి తిరగమంది. ఎడమకి తిరగమంది. దారి మళ్లీ వెతుకుతున్నానంది. చెవిలో ఆవిడే ఉంది, అమ్మాయి లేదు. బిగుతు ప్యాంటు జేబులోంచి ఫోను పీకి, దాని నోరు మూయించేసరికి అవతల అంతా నిశ్శబ్దం. ఏడాదిగా నేను వెతుకుతున్న మాట వచ్చి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కడున్నానో కూడా మరిచిపోయి అరిచాను.

"ఇనిపించనేదండీ! మళ్లీ సెప్పండి!"

వసారాలో అందరూ ఉలిక్కిపడ్డారు. పెరట్లో అమ్మాయికి చెవుల నిండా స్పాంజీ. తన గొంతు తనకే వినబడదు. డబ్బా పాడైందనుకుందో ఏమో, ఉన్న బలమంతా పెట్టి ఒక్క కేక వేసింది.

"ఇష్టమే అన్నాను కదండీ! నాకిష్టమే!"

ఆ కేక వంటిల్లు దాటి, వసారా దాటి, వీధిలోకి వెళ్లింది. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాయనమ్మ చేతిలో తమలపాకు చేతిలోనే ఉండిపోయింది. బావ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అంత ఆనందం నేను తట్టుకోగలనని నాకే తెలియదు.

చెవిలో చిన్న గొంతు. "అందరూ ఇన్నారా?"

"ఊఁ."

"అయితే మీరూ అందరికీ ఇనిపించేలాగే సెప్పండి."

లేచి నిలబడ్డాను. హెల్మెట్ తీసి కుర్చీలో పెట్టాను. మా అమ్మ ఎదురుగానే, పెరటి వైపు తిరిగి, "నాకూ ఇష్టమే!" అని గొంతు చించుకుని అరిచాను.