చాచా గోడమీది పేజీ

చాచా పోయిన సంగతి మా కాలేజీ ఫోన్ గ్రూపులో చూశాను. "మన పాత ల్యాబ్ అటెండర్ ఇక లేరు" అని ఒక్క లైను, కింద వరసగా దండాల బొమ్మలు. ఆయన పేరు ఎవరూ రాయలేదు. వాళ్లను అనే హక్కు నాకు లేదు. ఎందుకో చెబుతాను.

కరీంనగర్‌లో నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఫిజిక్స్ ల్యాబ్ ఫర్నేసు, మేమంతా చాచా అని పిలిచే ఆ అటెండరే చూసుకునేవాడు. గాజు పలకల మీద పలచటి సిరామిక్ పొర పూసి, దాన్ని కాల్చి, ఎంత వేడికి ఎంత గట్టిపడుతుందో చూడడం నా పని. కాల్చకముందు ఆ పొర వేలితో తుడిస్తే పోయేది. నాలుగు వందల యాభై డిగ్రీల్లో కాలాక గోరుతో గీకినా పోయేది కాదు. కానీ బయటికి తీశానో లేదో, సన్నటి పగుళ్లు. ఏడాది పాటు ద్రావణం మార్చాను, వేడి మార్చాను. పగుళ్లు మాత్రం పోలేదు.

"వేడిల తప్పు లేదు బిడ్డా. నువ్వే జల్ది తీస్తున్నవ్," అన్నాడు చాచా ఒకరోజు. ఈ ఉద్యోగానికి ముందు ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేశాడు. "వేడి ఎక్కుడు కాదు, దిగుడే కష్టం. గాజు ఒక తీరు ముడుసుకుంటది, నీ పొర ఒక తీరు. రెండిటికీ టైమియ్యాలె."

ఆ రోజు నుంచి ఫర్నేసు ఆపగానే తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. డిపార్ట్‌మెంట్ హెడ్డు వచ్చి అడిగినా తెరవనిచ్చేవాడు కాదు. సాసర్‌లో చాయ్ పోసుకుని, "గింత పరేషాన్ ఎందుకు? యాడికి పోతది?" అనేవాడు. అరచెయ్యి తలుపు దగ్గర పెట్టి, వేడి తగలకపోతేనే లేచేవాడు. పగులు లేకుండా వచ్చిన మొదటి పలకను కిటికీ వెలుగులో పట్టుకుని ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం.

నా థీసిస్‌కు ప్రాణం ఆ మెల్లగా చల్లార్చడమే. కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు రాసి, ఆ సంగతి ఆయనకూ చెప్పాను. గైడు కొట్టేశాడు. "అటెండర్ పేరేందమ్మా, నవ్వుతరు." నేను ఆ పేరు లేకుండానే పేజీ మళ్లీ టైపు చేయించాను. జిరాక్స్ షాపు పేరు మాత్రం ఉండిపోయింది.

థీసిస్ బైండింగై వచ్చిన రోజు చాచా చేతులు కడుక్కుని మరీ వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. "నా పేరు యాడుందో జర సూపియ్యి బిడ్డా."

నేను నాలుగో లైను చూపించాను. అక్కడున్నది గైడు పేరు. చాచా దాన్ని మెల్లగా నిమిరి, ఆ పేజీ జిరాక్స్ తీయించుకున్నాడు. ఇన్నేళ్లూ గైడునే తిట్టుకుంటూ బతికాను. పేరు కొట్టేసింది ఆయన, అబద్ధం చెప్పింది నేను.

మొన్న నస్పూర్‌లో వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో ఆ పేజీ, అద్దం ఫ్రేములో. నాలుగో లైను కింద ఎర్ర పెన్ను గీత. నేను తల దించుకున్నాను. చాచా కూతురు నా పక్కకొచ్చి నిలబడింది.

"ఎనిమిదో తరగతిలనే సదివిన మేడం. ఆ పేరు అబ్బాది కాదని ఆయనకు చెప్పలే. ఇంటికొచ్చినోళ్లందరికీ సూపెట్టెటోడు."

ఫ్రేము గోడ మీంచి తీసి నా చేతుల్లో పెట్టింది. "ఇగ మీరే ఉంచుకోండ్రి."

అద్దమంతా శుభ్రంగా ఉంది. నాలుగో లైను దగ్గర మాత్రం, చూపించి చూపించి, వేలిముద్రలతో మసకబారి ఉంది.