ఖాళీ కమానుకి టిష్యూ ప్యాకెట్

తడిసిన సున్నం వాసనలో, అప్పుడే తుడిచిన నేలమీది నిమ్మగడ్డి నూనె వాసన కలిస్తే నాకు ఠంచనుగా ఆకలేస్తుంది. పోయిన శనివారం వానలో, కాఫీ ధర చూస్తేనే నిద్రమత్తు వదిలిపోయే ఒక రెస్టారెంట్ వరండాలో, ఆ వాసన మధ్య చెల్లి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. నా చిన్నప్పుడు అది రెస్టారెంట్ కాదు, అనాథాశ్రమం. పూర్తి అనాథలతోపాటు నాలాంటి సగం అనాథలు కూడా అందులో ఉండేవాళ్ళం. తిండిలో మాత్రం తేడా చూపించేవాళ్ళు కాదు.

ఇటలీలో ఆరువందల ఏళ్ళ కిందట పట్టువర్తకుల సంఘం కట్టించిన ఆశ్రమాన్ని చూసొచ్చి, ఎవరో పాతకాలపు మఠంవాళ్ళు ఇక్కడ అలాంటిదే కట్టారని వార్డెన్ ఆంటీ కొత్తగా వచ్చిన పిల్లలందరికీ చెప్పేది. స్తంభం ఎత్తు ఎంతో కమాను వెడల్పూ అంతే, వరండా లోతూ అంతే. మా బతుకుల్లో ఏదో ఒకటైనా కొలతకి సరిపోవాలనుకున్నారు కాబోలు. వరండాకి తలుపు గానీ గోడ గానీ లేకుండా వీధివైపు తెరిచి ఉంచడం కూడా కావాలనేనట, వచ్చేపోయేవాళ్ళ కళ్ళకి పిల్లలు రోజూ కనబడాలని, ఊరు వాళ్ళని మరిచిపోకూడదని. ఊరు మమ్మల్ని బాగానే చూసేది, ముఖ్యంగా బస్సు ఆలస్యమైనప్పుడు. కమానుల మధ్య గోడమీద నీలిరంగు గుండ్రాలు, ఒక్కొక్క గుండ్రంలో నడుందాకా గుడ్డ చుట్టి, చేతులు చాచిన ఒక తెల్లటి సిమెంటు పాపాయి. వాళ్ళు ఎవరూ తీసుకెళ్ళని పిల్లలని నాలుగేళ్ళ మా చెల్లి గట్టి నమ్మకం.

"అన్నయ్యా, నాన్న రాకపోతే నన్నూ పైన పెట్టేస్తారా?" అని ప్రతి ఆదివారం అడిగేది.

"నీ బరువుకి గోడ ఆగదులే" అనేవాణ్ణి.

ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మా అమ్మ పోయాక, ఆమెతోపాటు అద్దె ఫ్లాటూ పోయింది. శ్రీకాకుళం నుంచి సముద్రం దాటి వచ్చి తువాస్ షిప్‌యార్డులో పనిచేసే నాన్న డార్మిటరీలో ఒక మంచం దొరికించుకున్నాడు. మాకు ఈ కమానులు దొరికాయి. ఆదివారం మధ్యాహ్నం చూడవచ్చేవాళ్ళు తలా ఒక కమాను కింద చాపలు వేసుకుని కూర్చునేవాళ్ళు, అందుకని పిల్లలం పొద్దున్నే మా మా కమానులని చోప్ చేసి, అంటే టిష్యూ ప్యాకెట్ ఒకటి పెట్టి మాదనిపించుకుని, అచ్చంగాయలు ఆడుకుంటూ కాచుకునేవాళ్ళం. మాది చివర, దేవగన్నేరు పక్కన. నాన్న ఇనుము, పెయింటు కలిసిన వాసనతో వచ్చి, నూనె కారే కాగితపు సంచిలో బంగాళదుంప పఫ్‌లు తెచ్చి, అవి మేము తింటూండగా ఏదో చెప్పబోతూ, మాట మధ్యలోనే స్తంభానికి ఆనుకుని నిద్రపోయేవాడు. ఆ మాటలు ఎలా ముగిసేవో నాకు ఇప్పటికీ తెలియదు.

దీపావళి మురుకులు డబ్బా అడుగుకి చేరిన రోజుల్లో వార్డెన్ ఆంటీ నన్ను పిలిచి, సెంగ్‌కాంగ్ అనే పేట నుంచి పిల్లల్లేని దంపతులు ఆదివారం వస్తారనీ, నాన్న ఒప్పుకుంటే చెల్లిని పెంచుకోవడానికి తీసుకెళ్తారనీ చెప్పింది. వాళ్ళ ఇంట్లో ఒక చిన్న గదే ఉందట. ఆ గదిలో నేను పట్టనని అర్థం చేసుకోవడానికి కొలతలు అక్కర్లేదు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఈ దేశంలో పులిని చూసి భయపడనివాళ్ళు కూడా టిష్యూ ప్యాకెట్‌ని చూసి వెనక్కి తగ్గుతారు. చూడ్డానికి ఎవరూ రాని పిల్లల కమానులు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి. ఆ ఆదివారం పొద్దున్న వాటన్నిటిలోనూ తలా ఒక ప్యాకెట్ పెట్టేశాను. కూర్చునే చోటు లేకపోతే వాళ్ళు వెనక్కి పోతారు. తొమ్మిదేళ్ళవాడికి అంతకన్నా న్యాయశాస్త్రం తెలియదు.

డిసెంబరు వాన. వాళ్ళు వచ్చారు. హైదరాబాదీ ఆంటీ, పొడుగాటి అంకుల్, ఒక్కటే గొడుగు. ఒక్కొక్క కమాను చూసుకుంటూ చివరిదాకా నడిచి, ప్యాకెట్లని గౌరవించి, మళ్ళీ వానలోకి దిగి నిలబడ్డారు. వెనక్కి మాత్రం పోలేదు. ఆంటీ సల్వార్ మోకాళ్ళదాకా తడిసింది. నేను స్తంభం వెనక నిలబడి, వాళ్ళకి జలుబు చేయాలని వినాయకుడికి మొక్కుకుంటున్నాను. అంతలో చెల్లి గబగబా వెళ్ళి మా కమానులో ప్యాకెట్ తీసేసింది.

"ఆంటీ, తడుస్తున్నారు. ఇక్కడ కూర్చోండి" అంది.

ఆంటీ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తడిసిన చున్నీ అంచుతోనే దాని తల తుడిచింది. నాన్న వచ్చేసరికి మా చోటు నిండిపోయి ఉంది. ఆయన బయట మెట్టుమీదే నిలబడిపోయాడు.

"అయ్యో, అన్నా, వానల నిలబడ్డరేంది, లోపలికి రాండ్రి" అని ఆంటీ జరిగింది. తన కమానులో తానే చుట్టమై, నాన్న అంచున కూర్చున్నాడు. ఆ రోజు నిద్రపోలేదు. చెల్లిని చాలాసేపు చూసి, వాళ్ళకి తల ఊపాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మంచోల్లేరా. దానికి మంచం ఉంటాది. నువ్వు పెద్దోడివి గదా."

షిప్‌యార్డులో తొమ్మిదేళ్ళంటే పెద్ద వయసే కాబోలు. పఫ్‌ల సంచి నాకొక్కడికే ఇచ్చాడు. అన్నీ నేనే తిన్నాను.

నాన్న ఇప్పుడు లేడు. వార్డెన్ ఆంటీ లేదు, చాపలు లేవు, దేవగన్నేరు ఉన్నచోట ఏసీ పెట్టెలు. ఎదుటి కుర్చీలో నేను పెట్టిన టిష్యూ ప్యాకెట్ చూసి, చెల్లి గొడుగు దులుపుకుంటూ నవ్వింది. తర్వాత తల ఎత్తి చూసింది. ఒక గుండ్రం ఖాళీగా ఉంది. మరమ్మతులప్పుడు పాపాయి ఊడిపడి ముక్కలైందని, చెత్తలో ఊడ్చేశామని అంతకుముందే వెయిటర్ నాకు చెప్పాడు.

"అన్నయ్యా, చూసినవా? ఒకర్ని ఎవరో వచ్చి తీస్కపోయిండ్రు లా" అంది, పెంచిన ఆంటీ యాసకి ఈ దేశపు 'లా' తగిలించి.

అవునన్నాను. మిగిలినవాళ్ళు చేతులు చాచుకుని అలాగే ఉన్నారు. నేను మెనూ ముఖానికి అడ్డం పెట్టుకుని, బంగాళదుంప పఫ్‌లు ఉన్నాయేమోనని వెతికాను.