ఇద్దరికీ ఒక్క మనిషి

మా అక్కకూ నాకూ వచ్చింది ఒకటే జబ్బు. కండరాలు మెల్లమెల్లగా కరిగిపోతాయి. అక్కకు బడిలో ఉండగానే మెట్లెక్కడం కష్టమైంది, నాకు కాలేజీలో. ఇప్పుడు ఇద్దరం నడవలేం. అక్క చేతులు ఇంకా ఆడతాయి. నా చేతులు అన్నం ముద్దను నోటిదాకా ఎత్తలేవు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇద్దరినీ ఆమే లేపింది, కడిగింది, పడుకోబెట్టింది. అమ్మ పోయాక లింగంపేటలోని ఆ పెంకుటింట్లో మేమిద్దరమే మిగిలాం.

పక్కింటి చిన్నమ్మ మాకు చుట్టం కాదు. బీడీలు చేసుకునే మనిషి. అక్కా ఆమే ఒకే అరుగు మీద కూర్చుని తునికాకు కత్తిరించేవాళ్ళు. అమ్మ దినాలు అయిన మర్నాడు ఎవరూ పిలవకుండానే వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. మా పనిలో పడి ఆమె బీడీలు తగ్గాయి. ఇంట్లో కొడుకు గొణగడం మాకు వినిపిస్తూనే ఉండేది. ఆమె మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆలోచన అక్కదే. మాకిద్దరికీ పింఛన్ వస్తుంది, తిండికీ మందులకూ అయిపోతుంది. మమ్మల్ని చూసుకునే మనిషికి కూడా సర్కారు జీతమిస్తే చిన్నమ్మకు ఇంట్లో మాట పడే బాధ ఉండదు కదా అంది. నేను చెబుతుంటే అర్జీ రాసింది. ఎల్లారెడ్డి ఆఫీసులో ఇస్తే కామారెడ్డి జిల్లా ఆఫీసుకు వెళ్ళమన్నారు. బస్సు ఎక్కలేం కనుక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, వెనకాల పరుపు వేసుకుని వెళ్ళాం. దారి పొడుగునా చిన్నమ్మ మధ్యలో కూర్చుని, మా ఇద్దరి తలలూ వాలిపోకుండా పట్టుకుంది.

ఆఫీసరు మంచివాడే. మమ్మల్ని దించడం కష్టమని తనే ఆటో దగ్గరికి వచ్చాడు. ఇంట్లో చూసుకునే మనిషికి జీతమిచ్చే పద్దు తన దగ్గర లేదన్నాడు. పైకి రాస్తానన్నాడు, రాశాడు కూడా. వచ్చిన జవాబులో మాకు పింఛన్ అందుతోందన్న సంగతి తప్ప మరేం లేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఇంకో దారి చెప్పాడు. సర్కారు నడిపే ఆశ్రమంలో చేరితే తిండి, మంచం, చూసుకునే ఆయా, అన్నీ అక్కడే ఉంటాయి. అక్క చేరాల్సిన ఆడవాళ్ళది ఒక ఊళ్ళో, నేను చేరాల్సిన మగవాళ్ళది ఇంకో ఊళ్ళో.

"ఆడ ఆయాకు జీతమిస్తరు గద సార్," అంది అక్క. "గా ఆయానే మా ఇంటికి పంపుండ్రి. మంచాలు మాకున్నయి."

"నా చేతుల లేదమ్మా," అన్నాడు.

మొన్న వానాకాలంలో నన్ను మంచం మీంచి కుర్చీలోకి దించుతూ చిన్నమ్మ అక్కడే కూలబడింది. నడుము పట్టేసింది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. అయినా నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని మళ్ళీ వచ్చింది. నన్ను లేపేది. అక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె వల్ల అయ్యేది కాదు. అక్క నీళ్ళు తాగడం మానేసింది. అడిగితే దాహం కావట్లేదనేది. తాగితే మళ్ళీ లేపమనాల్సి వస్తుందని మానేసిందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒక పొద్దున అక్క ఆశ్రమానికి పోతానంది. నేనే పోతాను, నువ్వుండు అన్నాను.

"ఆడ గంతమందిల నీ నోట్ల ముద్ద ఎవలు పెడ్తరు తమ్మీ? నా ముద్ద నేను తింట," అంది. "చిన్నమ్మ ఒక్కలనే లేపగలుగుతది. నువ్వే ఉండు."

నేను ఏడ్చాను. తిట్టాను కూడా. గుమ్మంలో నిలబడి అంతా విన్న చిన్నమ్మ లోపలికొచ్చి అక్క తల దువ్వి జడ వేసింది.

వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు అక్కను జాగ్రత్తగా ఎత్తి ఎక్కించారు. ఇన్నేళ్ళలో సర్కారు మా ఇంటికి పంపిన మనుషులు వాళ్ళే.

అక్క ఫోన్ చేస్తుంది. బాగానే ఉన్నానంటుంది. నేనూ అదే అంటాను. చిన్నమ్మ నన్ను లేపుతున్నప్పుడు పళ్ళు బిగపట్టడం నా చెవి పక్కనే తెలుస్తుంది. ఆమె ఇక రాలేనన్న రోజు మగవాళ్ళ ఆశ్రమానికి నేనూ కబురు పంపాల్సిందే. ఆ మాట ఆమె ముందు ఇంకా అనలేదు.