ఖాళీ చోటు చూసి ఎటాక్

నిన్న సాయంత్రం మా బడి మైదానంలో బంతి ఎగిరొచ్చి పలక గీత మీద పడి ఠంగుమంది. పిల్లలంతా "ఇన్, ఇన్!" అని కేకలు. నేను మాత్రం ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయి నిలబడిపోయాను. గిద్దలూరులో ఈ బడికి ఆటల టీచరుగా వచ్చాక నేను చేసిన మొదటి పని, మార్కాపురం నుంచి పనికిరాని పలక ముక్కలు ఆటోలో వేయించుకొచ్చి వాలీబాల్ కోర్టు చుట్టూ నేలకు సమంగా పాతించడం. సున్నం గీత వానకు పోతుంది, పలక గీత పోదు. పైగా బంతి పడితే మోగుతుంది కాబట్టి ఎవరూ బుకాయించలేరు. ఈ తెలివి నాదని హెడ్మాస్టరు గారు తెగ మెచ్చుకున్నారు. నాదెక్కడిది, మా రూతమ్మ టీచర్ది.

పొట్టి మనిషి. కుచ్చిళ్ళు బొడ్లో దోపి, కాన్వాసు బూట్లు తొడుక్కుని మార్కాపురం హైస్కూల్లో మాకు ఆటలు నేర్పేది. ఇంగ్లీషు మాట ఒక్కటి ఆమెకు అన్నం, నీళ్ళు. అదే ఎటాక్. మధ్యాహ్నం పళ్ళేల ముందు కూర్చుంటే "చూస్తారేందే, ఎటాక్ చేయండి" అనేది. లెక్కల పరీక్షకు భయపడితే "కష్టమైంది ముందు ఎటాక్ చేయి" అనేది. మైదానంలో గడ్డి పెరిగినా, ట్యాంకులో పాచి పట్టినా అదే మాట. మా ఊళ్ళో ఆ మాటకు మంచి అర్థమే లేదు. మిరపకు పురుగు ఎటాక్, మంద మీద చిరుతపులి ఎటాక్, ముసలివాళ్ళకు గుండె ఎటాక్. ఇట్లాంటి మాటతో ఈమె అన్నం తినమంటుందేమిటని మొదట్లో పడీపడీ నవ్వేదాన్ని.

ఆటలో మాత్రం నవ్వనిచ్చేది కాదు. ఎనిమిదో తరగతిలో నాకు చెయ్యి సత్తువ బాగా ఉండేది. గొర్రెల వాళ్ళ పిల్లను కదా, ఊరికే వస్తుందా! ఎగిరి బంతిని ఎదుటి పిల్ల మొహం మీదకే కొట్టి, కాలరు ఎగరేసినంత పని చేశాను. టీచర్ ఈల ఊదేసింది.

"ఏమే ఆదిలక్ష్మీ, ఏంది అది?"

"ఎటాక్ టీచర్."

"కాదు. అది నీ చేతి దురద. మనిషి ఉన్న చోట కొట్టేది ఎవురికైనా వస్తది. మనిషి లేని చోటు చూసి కొట్టు. ముందు చూడు, తరవాత ఎగురు."

తొమ్మిదో తరగతి సగంలో మా ఇంట్లో నా చదువుకు గండం వచ్చింది. మాది పెద్దారవీడు దగ్గర పల్లె. ఎండలు ముదిరే ముందు నాయన, అమ్మ మందను తోలుకుని కోతలైన మాగాణి పొలాల వైపు వలస పోయేవాళ్ళు, తొలకరికి తిరిగొచ్చేవాళ్ళు. అన్నేళ్ళూ నన్ను అవ్వ చూసుకునేది. ఆ ఏడు అవ్వ పోయింది. ఎదిగిన ఆడపిల్లను ఒంటరిగా ఎట్లా వదలాలి? "మందతో పాటు వస్తది, గొర్రెపిల్లల్ని చూసుకుంటది, చదివింది చాలు" అని నాయన తేల్చేశాడు. బళ్ళో చెప్పి ఏడిస్తే టీచర్ నా భుజం తట్టి, "మీ నాయన దగ్గరికి నేనొస్తా" అంది. అమ్మయ్య, ఇక నాయనకు మూడిందనుకున్నాను.

ఆదివారం చర్చి అవగానే బస్సెక్కి వచ్చింది. దొడ్డి పక్కనే రాయి మీద కూర్చుంది. నాయన ముందే చెయ్యి అడ్డం పెట్టాడు. "టీచరమ్మా, చదువు మాట ఎత్తొద్దు. ఆ మాట వినీ వినీ చెవులు పోయినాయి." ఆమె ఎత్తలేదు! ఈ గొర్రె ఎప్పుడు ఈనింది, ఆ పొట్టేలుకు కొమ్మెట్ల విరిగింది, అన్నీ గొర్రెల ముచ్చట్లే. నాకేమో ఒళ్ళు మండిపోతోంది. నా బతుకు బుగ్గవుతుంటే ఈమెకు పొట్టేలు కొమ్ము కావలసి వచ్చిందా?

అప్పుడు అడిగింది. "ఇంత చిన్న పిల్లలు అంత దూరం నడుస్తయా అన్నా?"

నాయన గొంతు తగ్గింది. "ఏం నడుస్తయమ్మా. బక్కవి దారిలోనే పోతయి. ప్రతి ఏడూ ఉండేదే ఈ బాధ."

"అట్లయితే ఆ బక్క తల్లుల్ని, పిల్లల్ని నాకు పాలుకియ్యి."

మా వైపు పాలుకివ్వడమంటే జీవాల్ని సాకినందుకు పుట్టే పిల్లల్లో వాటా ఇవ్వడం. నమ్మిన మనిషికి తప్ప ఇవ్వరు. ఇస్తానంటే మాట తప్పరు. నాయన ఆమె వైపు కొత్తగా చూశాడు.

"నీకు గొర్రెల సంగతేం తెలుసమ్మా?"

"తెల్దు. అందుకే మీ బిడ్డను వాటితో పంపించు. మా పెరడు పెద్దది. నేను, మా అమ్మ, ఇద్దరమే ఆడోళ్ళం." ఏమాత్రం తడబడకుండా అంది. "మాది ఏ పేటో నీకు తెలుసు. తిండి దగ్గర ఇబ్బందనుకుంటే వేరే పొయ్యి పెట్టుకోనీ."

నాయన లేచి దొడ్లోకి పోయి, ఒక గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. మా వాళ్ళలో బేరం కుదిరిందనడానికి అదే గుర్తు. నా గుండె నిండిపోయింది. నాయన మొండితనం ఉన్న చోట ఆమె చెయ్యే వేయలేదు. ఆయన మనసులో ఎవరూ చూడని చోటు ఒకటుంటే, అక్కడికి పోయింది.

బియ్యం మూటతో, కొత్త ఇనప పొయ్యితో నన్ను దిగబెట్టి నాయన వలస పోయాడు. నాలుగు రోజులు నా పొయ్యి మీద నేనే వండుకున్నాను. ఐదో రోజు టీచర్ వాళ్ళమ్మ ఎండు చేపలు, వంకాయ కలిపి పులుసు పెట్టింది. ఆ వాసనకు నా పౌరుషం ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి! గిన్నె పట్టుకుని వాళ్ళ మధ్య చతికిలబడ్డాను. టీచర్ నా గిన్నెలోకి వడ్డించింది. పొద్దున గొర్రెలకు ఆకు కోయడం, తరవాత బడి, సాయంత్రం బంతి. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ లేనేమో.

తొలకరికి నాయన వచ్చాడు. బలిసిన గొర్రెల వీపులు నిమిరి, నేను పరీక్ష పాసయ్యానంటే తలాడించాడు. అంతలో ఆయన చూపు పెరటి మూలకు పోయింది. నా ఇనప పొయ్యిలో గడ్డి పరుచుకుని కోడి పొదుగుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాయన పొయ్యిని చూశాడు, నన్ను చూశాడు, టీచర్ను చూశాడు. తొట్టి దగ్గరికి పోయి కాళ్ళూ చేతులూ కడుక్కుని, వచ్చి వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

టీచర్ పళ్ళెం పెట్టి అన్నం వడ్డించింది. పళ్ళెం అంచున పడిన మెతుకును కొంగుతో రెండుసార్లు తుడిచింది.

"ఎటాక్ చేయన్నా" అంది.

నాయనకు ఆ మాటేమిటో అర్థం కాలేదు. పళ్ళేన్ని దగ్గరికి లాక్కున్నాడు. కడుపునిండా తిన్నాడు.

చాన్నాళ్ళకు ఆమెకు గుండె ఎటాకే వచ్చింది. ఒంగోలు ఆసుపత్రికి పరిగెత్తాను. మంచం చుట్టూ ఆమె చేతి కింద ఆడిన పిల్లలే. సందు లేదు. "ఈ ఎటాకుకు ఆట రాదే ఆదీ. ఇంతమంది ఉన్న చోట కొట్టింది" అని నవ్వింది. ఆ తరవాత కూడా కొన్నేళ్ళు మాతోనే ఉంది, నిరుడు నిద్రలోనే వెళ్ళిపోయింది.

మా జట్టులో ఒక పిల్ల వారం నుంచి బడికి రావడం లేదు. ఇంట్లోవాళ్ళు కంభం దగ్గర ఇటుక బట్టీకి పనికి తీసుకుపోతారట. ఎల్లుండి ఆదివారం వాళ్ళింటికి పోతున్నాను. చదువు మాట ఎత్తను. గడప దగ్గర కూర్చుని, ఏది పెడితే అది తిని, ముందు చూస్తాను.