కచేరీలో పాట

నాకు ఫిడేలు నేర్పిన మా సామికి ‘వాయించడం’ అనే మాట గిట్టదు. మా నాయన నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయి ఆయన అరుగు మీద కూర్చోబెట్టిన రోజే ఆ సంగతి తెలిసింది. ఏం నేర్చుకుంటావని ఆయన అడిగితే, ఫిడేలు వాయించడం నేర్చుకుంటానన్నాను. కమానుతో వేళ్ల మీద ఒకటి పడింది.

“వాయించేది వీపును రా అబ్బీ. ఫిడేలుతో పాడాల. ఇంగోసారి ఆ మాట నా వాకిట్లో ఇనపడగూడదు.”

అప్పటినుంచి ఎక్కడికి పోయినా ‘పాడతాను’ అనే చెప్పేవాణ్ని. అలా చెప్పడంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. కూడు పెడుతుందనుకున్న మాటే చివరికి నా నోట్లో మట్టి కొట్టింది.

మాది జమ్మలమడుగు. ముత్తాత కాలంలో మిషన్ దొరల దగ్గర మతం పుచ్చుకున్న కుటుంబం. నాయన బళ్లో అయ్యవారు. సామి నాకు పాఠం చెప్పనని అనలేదు గానీ గడప దాటనివ్వలేదు. తక్కిన శిష్యులు లోపల చాప మీద కూర్చుంటే నేను అరుగు మీద కూర్చునేవాణ్ని. ప్రొద్దుటూరు ఎండకు మధ్యాహ్నానికల్లా ఆ గచ్చు పెనమయ్యేది. వర్ణాలు, కృతులు, రాగం, తానం అన్నీ ఆ పెనం మీదే వచ్చాయి నాకు. విద్య మాత్రం దాచుకోలేదాయన. గడపకు అవతలివాళ్లకు ఎంత చెప్పాడో ఇవతలివాడికీ అంతే చెప్పాడు. అది ఒప్పుకోకపోతే నాకు అన్నం పుట్టదు. గడప సంగతి మరిచిపోయినా పుట్టదు.

నా చెవి ఒకచోట నిలిచేది కాదు. ఆదివారం చర్చిలో కీర్తనలు. ఉరుసు వస్తే దర్గా దగ్గర కవ్వాలీ వాళ్ల వెనక చేరేవాణ్ని. నాటకాలకు పోయాను, పెళ్లిళ్లలో సినిమా పాటలకూ పోయాను. పెద్దముడియం వైపు గొర్రెల మందలు తోలేవాళ్లు రాగం తీస్తుంటే, గొంతు ఎక్కడ జారుతోందో వేలికి అందేదాకా చేనిగట్టు మీదినుంచి లేచేవాణ్ని కాదు. కొత్త బాణీ ఒకటి వినబడితే దాన్ని నా తీగల మీదికి తెచ్చుకునేదాకా నాకు అన్నం సహించేది కాదు. కీర్తనలో గమకాలు ఎక్కువయ్యాయని చర్చి పెద్దలు గొణిగేవాళ్లు. సామికి గొణిగే అలవాటు లేదు. నాలుగిళ్ల కూడు తినే కుక్క ఏ ఇంటికీ కాపలా కాయదని నా మొహం మీదే అనేవాడు.

దసరా వస్తే ప్రొద్దుటూరంతా పందిళ్లే. ఆ కచేరీల్లో సామి ఏటా ఒక శిష్యుణ్ని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ పక్కన కూర్చున్నవాడికి ఇక జిల్లాలో ఎదురుండదు. నాకంటే వెనక వచ్చినవాళ్లు, శ్రుతి కూడా సరిగా నిలవనివాళ్లు కూర్చుని లేచిపోయారు. నా వంతు రాలేదు. చివరికి ఒకరోజు సిగ్గు విడిచి అడిగేశాను. పులివెందుల్లో కొందరు అయ్యవార్లు బడి హాల్లో నా కచేరీ పెడుతున్నారని అప్పటికే ఆయన చెవిన పడి ఉంది.

“ఆడికొచ్చి ఇంటా,” అన్నాడు. “నీ నాలుగిళ్ల కూడూ ఏందో సూస్తా. కుదిరితే దసరాకు నా పక్కన కూర్సుందువు.”

ఆ మాటతో నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఏం పాడాలో వెంటనే తేలిపోయింది. ఆనందభైరవి ఆలాపనతో మొదలుపెట్టి, ఆపకుండా గొర్రెలవాళ్ల పాటలోకి దిగాలి. అందులోంచి చర్చి కీర్తనలోకి, మళ్లీ రాగంలోకి. అతుకు ఎక్కడుందో సామి చెవికి దొరక్కూడదు. దొరక్కపోతే గెలుపు నాది. సాధన చేసి చేసి వేళ్ల చివర్లు కాయలు కాశాయి.

అవి పార్టీల రోజులు. మా వైపు పార్టీ అంటే జెండా కాదు. ఏ ఊళ్లో అన్నం తినొచ్చు, ఏ రోడ్డున పోకూడదు అనే లెక్క. టీ అంగళ్లు కూడా పార్టీల వారీగా ఉండేవి. నేనొక్కణ్నే ఫిడేలు పెట్టె పట్టుకుని అన్ని ఊళ్లూ తిరిగేవాణ్ని. పాటకు పార్టీ లేదనుకునేవాణ్ని. అంత తెలివి నాది.

నా కచేరీ రోజే పులివెందుల్లో సారా అంగళ్ల వేలం. వేలాన్ని మా వైపు పాట అంటారు. వేలం కొట్టేసినవాణ్ని పాట పాడుకున్నాడంటారు. ఆ వేలం జరిగే తాలూకా ఆఫీసును పెద్దవాళ్లు ఇంకా కచేరీ అనే అనేవాళ్లు. ఎదుటి పార్టీ తరఫున ఎవడూ పాటకు రాకుండా ఒక పార్టీవాళ్లు దారులన్నీ కాశారు. ఇవేవీ నాకు తెలియవు. ముద్దనూరు దాటాక బస్సు ఆగింది. నలుగురైదుగురు ఎక్కి ఒక్కొక్కరినే అడుగుతూ నా దగ్గరికి వచ్చారు.

“యాడికి పోతాండావప్పా?”

“పులివెందులకు. కచేరీ ఉండాది.”

“కచేరీలో ఏం పని?”

“పాట పాడాల.”

అడిగినవాడు వెనక్కి తిరిగి తనవాళ్లను ఒకసారి చూశాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

“ఎందాకా పాడతావు?”

“వాళ్లు సాలు అనేదాకా పాడతా.”

“నీదేనా పాట, ఇంగెవురిదన్నానా?”

“మా సామిది. ప్రొద్దుటూరు. ఆయన కోసమే పాడేది.”

తన మెడకు తానే ఇంత చక్కగా ఉరి పేనుకున్నవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు. ప్రొద్దుటూరు సామి ఎవడో పెద్ద సారా కాంట్రాక్టరనీ, నేను వాడి బినామీననీ వాళ్లు నిశ్చయించుకున్నారు. కాలరు పట్టి దించారు. వీపు మీద రెండు పడ్డాయి. వాయించేది వీపునేనని సామి ఊరికే అనలేదు.

పెట్టెలో దుడ్లు ఉంటాయనుకుని విప్పారు. ఫిడేలు చూసి, సారా పాటకు తెచ్చిన దుడ్లు యాడ దాచినావని గద్దించారు. అప్పుడు గానీ జరిగిందేమిటో నాకు అర్థం కాలేదు. నా కచేరీ వేరు, మీ కచేరీ వేరు అని విడమరిచి చెప్పాను. పడీ పడీ నవ్వారు. నవ్వినంత మాత్రాన వదల్లేదు. పాట అయ్యేదాకా, దించినవాణ్ని ఎవణ్నీ వదలొద్దని పైనుంచి మాటట. చెనిక్కాయల గోదాములోకి తోశారు. అక్కడ నాలాగే దించినవాళ్లు ఇంకొందరు ఉన్నారు. మూలన ఒక గోనెసంచి ఉంది. బీడీ తాగాలంటే అందరూ బయటికి పోయి తాగుతున్నారు. ఆ సంచిలో ఉన్నవి నాటుబాంబులని ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

నన్ను దించినవాడే, ఊరికే కూర్చోకుండా పాడమన్నాడు. వద్దనే ధైర్యం నాకు లేదు. వర్ణం ఎత్తుకుంటే ఆవలించారు. ఆ ఆవలింతకు నాకు ఒళ్లు మండింది. సరే, వినండిరా అనుకుని ఆనందభైరవి తీశాను. సామి కోసం దాచుకున్నదంతా, వరసన, ఏమీ మిగల్చకుండా. రాగంలోంచి గొర్రెలవాళ్ల పాటలోకి దిగిన చోటు నాకే తెలియలేదు. అన్ని నెలల సాధనలో ఎన్నడూ కుదరనిది ఆ గోదాములో, ఆ దుమ్ములో కుదిరింది. తలుపు దగ్గర కూర్చున్న ముసలాయన, ఇది మా మందల కాడ పాడే పాట గదా అని గొణుక్కున్నాడు. అతుకు అతనికీ దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, వినవలసినవాడు వినలేదనే కడుపుమంటతో.

వాళ్లకు బాణీ నచ్చింది. ఒక కుర్రాడు అప్పటికప్పుడు దానికి మాటలు కట్టాడు. నాయకుడి పేరు, గుర్తు, జై. మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. సాయంత్రం జీపు వచ్చి ఆగింది.

“పాట మనోళ్లే పాడుకున్న్యారు,” అని అరిచాడు దిగినవాడు. “అడ్డమొచ్చినోడే లేడు.”

నన్నూ, నా ఫిడేలునూ జీపెక్కించారు. పులివెందుల నడివీధిలో ఊరేగింపు. ముందు టపాకాయలు, వెనక జనం, నడుమ జెండా కింద నేను. గొర్రెలవాళ్ల పాటకు వాళ్లు జై కొడుతుంటే నేను పాడుతూనే ఉన్నాను. బస్టాండు మలుపులో సామి కనబడ్డాడు. దారులు కాయకముందే, ముందురోజే వచ్చి, పొద్దున్నించీ హాల్లో నాకోసం కాచి కాచి, ఇంటికి పోవడానికి బస్సు కోసం నిలబడి ఉన్నాడు. చంకలో గొడుగు, భుజాన పట్టు కండువా. ఆ కండువా ఆయన కచేరీలకు తప్ప వేసుకోడు. నా మొహం చూడలేదు. తీగల మీద నా ఎడమచేతి వేళ్లు చూశాడు. ఏ రాగమో ఆయనకు ఒకరు చెప్పనక్కర లేదు. తర్వాత బస్సు వచ్చే వైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు ప్రొద్దుటూరు పోతే తలుపు తియ్యలేదు. ఆ వారంలోనే నేను ఫలానా పార్టీ ఫిడేలునని ఊరూరా తెలిసిపోయింది. చర్చి పెద్దల్లో సగం మంది అవతలి పార్టీ, కీర్తనలకు రావద్దని చెప్పి పంపారు. ఉరుసుకు పిలిచేవాళ్లు గొడవలెందుకని మానుకున్నారు. గొర్రెలవాళ్లు సైతం నన్ను చూసి పాట ఆపేసేవాళ్లు, వాళ్ల ఊరు ఆ పార్టీది కాదు మరి. నాలుగిళ్లూ ఒక్కసారే మూసుకున్నాయి.

దసరాకు సామి పక్కన వేరే శిష్యుడు కూర్చున్నాడు. నేను పందిరి గుంజ దగ్గర నిలబడి చివరిదాకా విన్నాను. కచేరీ అయ్యాక ఆయన వెనక పడి, ఆగేదాకా నడిచి, అంతా చెప్పాను. కచేరీ అంటే వాళ్లు తాలూకా ఆఫీసనుకున్నారని, పాట అంటే సారా పాటనుకున్నారని, మీరు నేర్పిన మాటే చెప్పానని, మీ కోసమే పాడతానని చెప్పానని. అడ్డం రాకుండా అంతా విన్నాడు. నవ్వుతాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా.

“వాయించేదానికి పోతాండా అని చెప్పింటే,” అన్నాడు సామి, “ఇడిసిపెట్టేటోళ్లు గదరా.”

అని కండువా సర్దుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు నువ్వు చేసే పనేమిటని ఎవరైనా అడిగితే, ఫిడేలు వాయిస్తానని చెబుతాను.