ఏర్‌పోర్టు ఇంటి లైట్లు

లీలమ్మ చేసే పని చెప్తే మొదట ఎవరికీ అర్థం కాదు. ఏర్‌పోర్టు దగ్గర ఒక పెద్ద వంటశాలలో, విమానాల్లో ఇచ్చే భోజనం కోసం చెంచా, ఫోర్కు, ఉప్పు పొట్లం, కాగితపు రుమాలు ఒక చిన్న కవరులో పెట్టి మూతి అంటిస్తుంది. వంట ఆమె చూడదు. తినేవాళ్లను అసలే చూడదు.

"ఇద్దరికి కలిపి ఒక్కటి ఉండదు బిడ్డా. మొగుడు పెండ్లాలైనా సరే, ఎవరిది వాళ్లకే" అని ఒకసారి నాతో నవ్వుతూ చెప్పింది.

మధ్యాహ్నం పని అయ్యాక కంపెనీ వ్యాను ఆమెను సాతంరాయి దగ్గర బెంగుళూరు రోడ్డు మీద దింపి పోతుంది. అక్కడి నుంచి ఇంటికి నడక. ఇంట్లో ఎవరూ ఉండరు. పిల్లలు కలగలేదు. భర్త డేవిడ్ రాజు 2010 వానాకాలంలో జ్వరంతో దవాఖానలో చేరి తిరిగి రాలేదు.

ఆయన పోయిన రెండో ఏడు నేను ఆ ఇంటి పైగదిలో అద్దెకు దిగాను. శంషాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగం అప్పుడే దొరికింది. నా గదికి పోవాలంటే హాలు కిటికీ పక్క నుంచి మెట్లెక్కాలి. అందుకని మొదటి రోజే ఆ హాలు చూశాను. మామూలు రెండు గదుల ఇల్లు, గోడలకు సున్నం. పైకి చూస్తే మాత్రం తెల్లటి నున్నటి సీలింగు, అందులో ఆరు గుండ్రటి రంధ్రాలు, వాటిలోంచి బల్బు కనపడకుండా దిగే పసుపు వెలుతురు.

అది డేవిడ్ రాజు చేతి పని. ఏర్‌పోర్టు కట్టేటప్పుడు ఆయన ఒక మేస్త్రీ కింద సీలింగు పలకలు బిగించాడట. అక్కడ పని అయిపోయాక, నేర్చుకున్నదంతా తన హాలు మీద పెట్టాడు. ఊళ్లో అందరికీ ట్యూబులైట్లే ఉన్న రోజులవి. జనం వచ్చి తలలెత్తి చూసిపోయారు. అప్పటి నుంచి దానికి ఏర్‌పోర్టు ఇల్లు అని పేరు. "విమానం ఎన్నింటికి రాజన్నా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "ముందుగాల టికెట్ చూపియ్యి, అప్పుడు చెప్త" అనేవాడట.

శనివారం సాయంత్రం ఆడవాళ్ల ప్రార్థన కూడిక ఆ హాల్లోనే జరిగేది. వెలుతురు బాగుంటుందని పెద్దవాళ్లు ఆ ఇల్లే కోరుకున్నారు. ఆనందమ్మ అనే ముసలావిడ, "రాజు లైట్ల కింద అయితే కండ్లద్దాలు లేకున్నా వాక్యం అగుపడ్తది" అనేది. రాజు పోయాక కూడా వాళ్లు రావడం మానలేదు. లీలమ్మ శుక్రవారమే ఇల్లు కడిగేది. శనివారం కుండలో నీళ్లు నింపి, గ్లాసులు బోర్లించి, గుమ్మంలో నిలబడేది. వారంలో ఆమె గొంతు పెద్దగా వినపడేది ఆ ఒక్క సాయంత్రమే. మిగతా రోజుల్లో కింది నుంచి గిన్నె చప్పుడు, నల్లా చప్పుడు, అంతే. నాకూ మాటలు తక్కువ. ఎదురుపడితే ఇద్దరం నవ్వుకుని తప్పుకునేవాళ్లం.

ఎండలు ముదిరాక లైట్లు పోవడం మొదలైంది.

ఒక శనివారం పాట మధ్యలో ఆరూ ఒక్కసారే ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకుని ఎవరో సెల్‌ఫోన్ వెలిగించారు. కానీ ఫ్యాను తిరుగుతూనే ఉంది. వంటింట్లో బల్బు వెలుగుతూనే ఉంది. పాట ఎలాగో పూర్తి చేసి లేచారు. వాళ్లు సందు మలుపు తిరిగిన కాసేపటికి లైట్లు వాటంతట అవే వచ్చాయి. మరుసటి శనివారం మళ్లీ అదే. ఈసారి చీకట్లో ఆనందమ్మ గడప తట్టుకుని పడబోయింది. జూలీ పట్టుకుంది. జూలీ ఆ వీధిలోనే కొత్తగా ఇల్లు కట్టుకున్న ఇల్లాలు, చురుకైన మనిషి.

"వదినె, ఇగ మా ఇంట్ల పెట్టుకుందాం. పెద్దమ్మ కాలు ఇరిగితే ఎవరు చూస్తరు?" అంది జూలీ.

"ఒక్క వారం ఆగు జూలీ. నేను బాగు చేపిస్త" అంది లీలమ్మ.

"నీ మాట ఎందుకు కాదంట? వచ్చే శనివారం గూడ పోయినయంటే మాత్రం ఇగ మా ఇల్లే."

మెట్ల మీద చెప్పులు విడుస్తూ ఈ మాటలు విన్నాను. అందరూ వెళ్లాక లీలమ్మ వాడని గ్లాసులు కూడా కడిగి మళ్లీ బోర్లించింది.

గగన్‌పహాడ్‌లో మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే జగదీశ్‌ను పిలిపించింది. అతను పొద్దున పూట వచ్చాడు. స్విచ్చు వేశాడు. ఆరూ వెలిగాయి.

"మంచిగనే ఉన్నయ్ గదక్కా!"

"ఇప్పుడు ఉంటయ్. జర సేపు కూసో, పోతయ్."

"ఎంతసేపు?"

"పొద్దుగూకినంక ఏస్తే, అన్నం వండి దించేటాళ్లకు పోతయ్."

జగదీశ్ నవ్వాడు. బోర్డు విప్పి తీగలు బిగించాడు. ఒక బల్బు మార్చాడు. వోల్టేజీ ఎక్కువ తక్కువ అవుతోందని, ఎండాకాలం అన్ని ఇళ్లల్లో ఇదే గోలని చెప్పాడు. చాయ్ తాగుతుండగానే ఫోను మోగింది. ఎవరి ఇంట్లోనో బోరు మోటారు కాలిపోయింది. "కూసుంటే నడ్వదు అక్కా" అంటూ బండెక్కాడు. ఆ సాయంత్రం లైట్లు పోయాయి. మళ్లీ పిలిచింది. మళ్లీ వచ్చాడు. మళ్లీ వెలిగాయి. మూడోసారి ఫోను ఎత్తలేదు.

బుధవారం జూలీ ఆకుకూర ఇవ్వడానికి వచ్చి, ఆ కబురు కూడా ఇచ్చి వెళ్లింది. చాయ్ హోటల్లో జగదీశ్ నలుగురిలో అన్నాడట, లీలక్కకు ఖరాబైంది లైట్లు కాదు, ముచ్చట పెట్టేటోళ్లు లేక పిలుస్తున్నదని. జూలీ నవ్వుతూనే చెప్పింది. లీలమ్మ కూడా నవ్వింది. తర్వాత తోటకూర కట్ట చేతిలో పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే ఉండిపోయింది.

గురువారం సాయంత్రం ఆమె మొదటిసారి మెట్లెక్కి నా గదికి వచ్చింది. తలుపు తెరిచే ఉన్నా లోపలికి రాలేదు.

"బిడ్డా, నువ్వు చదువుకునేది కింద కూసోని చదువుకుంటవా? నేనొక్కదాన్నే చూసిన అంటే ఎవ్వరు నమ్ముతలేరు."

పుస్తకం తీసుకుని దిగాను. కుర్చీ ఫ్యాను కింద వేసింది. తను గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను పేజీలు తిప్పుతుంటే ఆమె సీలింగు చూస్తోంది. బయట విమానం ఒకటి తక్కువ ఎత్తులో దిగిపోయింది. కిటికీ రెక్క సన్నగా కదిలింది. కుక్కర్ కూత వేసింది. ఆమె లేచి పొయ్యి ఆర్పి వచ్చి కూర్చుంది. అప్పుడు పోయాయి. ఆరూ ఒకేసారి.

"చూసినవా?" అంది చీకట్లోంచి. ఆ గొంతులో బాధ లేదు. ఏదో గెలిచినట్టుంది.

"చూశానాంటీ."

"జగదీశ్‌కు చెప్తవా?"

కొత్తవాళ్లతో ఫోనులో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. చెప్పాల్సిన మాటలు ముందు మనసులో కూర్చుకుని నంబరు నొక్కాను. నేనూ కూర్చుని చూశానని, ఫ్యాను తిరుగుతుండగానే లైట్లు ఆరాయని చెప్పాను. "శనివారం పగటీలి వస్త మేడం" అన్నాడు జగదీశ్.

శనివారం లీలమ్మ పనికి పోలేదు. జగదీశ్ గగన్‌పహాడ్‌లో బయలుదేరుతున్నానని ఫోను చేయగానే లైట్ల స్విచ్చు వేసింది. అతను వచ్చేసరికి అన్నం, కోడి కూర సిద్ధం.

"గిదేంది అక్కా, లైట్లకా నాకా?"

"నీకే. తినుకుంట కూసుంటవని."

అతను చేయి కడుక్కుని కూర్చున్నాడు. కూర వడ్డిస్తూ ఆమె మామూలుగానే అడిగింది. "చాయ్ హోటల్ల ఏమన్నవు నువ్వు? నాకు ముచ్చట పెట్టేటోళ్లు లేరని అన్నవంట?"

జగదీశ్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాడు. "ఏదో తమాషకు అన్న అక్కా."

"తమాషైతే ఏంది, నిజమే గద. ముచ్చట పెట్టేటోళ్లు కావాలె. కాని లైట్లు గూడ పోతున్నయ్. తిను."

అతను తల వంచుకుని తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి, లైట్లు పోవాలని కోరుకోవడం ఎంత వింతగా ఉందో అనుకుంటున్నాను. జగదీశ్ పళ్లెంలో చేయి కడుక్కుంటుండగా ఆరూ ఆరిపోయాయి.

"అరే!"

తలెత్తి ఫ్యాను చూశాడు. తిరుగుతోంది. "ఎప్పటి సంది గిట్ల?"

"ఎండలు ముదిరినప్పటి సంది."

స్టూలెక్కి, ఒక లైటు చుట్టూ ఉన్న రింగును రెండు చేతులా పట్టుకుని కిందికి లాగాడు. అప్పటిదాకా బల్బు మార్చాడే తప్ప, ఆ రింగు దింపి లోపల ఎవరూ చూడలేదు. అది తీగకు వేలాడింది. ఆ గుండ్రటి రంధ్రంలో చీకటికి బదులు బట్ట కనపడింది. నీలం గళ్ల బట్ట.

లీలమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. "గది ఆయన అంగి."

అది బొంత. పాత చీరలు, చొక్కాలు పొరలు పొరలుగా పేర్చి చేత్తో కుట్టి, చలికాలం కప్పుకుంటారు. ఎండలు రాగానే మడిచి సజ్జ మీద పెడతారు. రాజు సీలింగు బిగించినప్పుడు హాల్లో సజ్జ దాని వెనక దాగిపోయింది. సామాను పెట్టుకోవడానికి పక్క గది గోడలో ఒక చిన్న తలుపు వదిలాడు. ఆయన పోయాక లీలమ్మ ఆయన చొక్కాలు ఎవరికీ ఇవ్వలేకపోయింది. తన చీరల మధ్య వేసి, వచ్చిన ఏడంతా కుట్టింది. ఒక చలికాలం కప్పుకుంది. ఈ ఎండాకాలమే మొదటిసారి దాన్ని పైకి తోసింది. తోసేటప్పుడు సజ్జ మీదే వదిలెయ్యలేదు. పెంకుటింట్లో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ పెంకుల వేడి దిగకుండా కింద వరిగడ్డి పరిచేవాళ్లు. స్లాబు వేడికీ అలాగే అనుకుని, బొంతను కర్రతో హాలు సీలింగు మీద బారుగా పరిచింది.

జగదీశ్ ఆ చిన్న తలుపులోంచి దాన్ని లాగాడు. దుమ్ముతో పాటు మాడు వాసన వచ్చింది. ఆరు లైట్లకూ కరెంటు పంచే ఒక చిన్న డబ్బా పైనుంటుందని, బొంత సరిగ్గా దాని మీదే పడిందని చెప్పాడు. ఊపిరాడక వేడెక్కి తనంతట తాను ఆగిపోతోంది, చల్లారాక మళ్లీ వస్తోంది.

"రాజన్న మంచి డబ్బా పెట్టిండు గాబట్టి ఆగిపోయింది అక్కా. చిల్లరది పెట్టి ఉంటే ఇల్లు అంటుకుంటుండె."

బొంత మధ్యలో అరచేయంత మేర గోధుమ రంగుకు తిరిగింది. లీలమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని ఆ మచ్చ మీద వేళ్లతో రాసింది. "చెప్పిండు. పైన గాలి ఆడాలె అని చెప్పిండు. నేనే యాది మర్సిన" అంది. జగదీశ్ లైటు మళ్లీ బిగించి, చప్పుడు చేయకుండా సామాను సర్దుకున్నాడు. పోతూ పోతూ, "ఇంకేమన్న అయితే ఫోన్ చెయ్యక్కా. ఎత్తుత" అన్నాడు.

ఆ సాయంత్రం కూడికకు అందరూ వచ్చారు. లీలమ్మ బొంతను దులిపి, చాప మీద పరిచి, ముసలివాళ్లను దాని మీద కూర్చోబెట్టింది. పాట అయింది. వాక్యం అయింది. జూలీ ప్రార్థన చేస్తూ కూడా ఒక కన్ను సీలింగు మీద ఉంచినట్టు నాకు కిటికీలోంచి కనపడింది. లైట్లు ఆరలేదు. ఆఖరున ఆనందమ్మ, కూర్చున్న చోట బట్టను తడిమి, "గిది రాజు గళ్ల అంగి గాదా? క్రిస్మస్‌కు తొడిగేటోడు" అంది.

తర్వాత ఒక్కొక్కరూ ఆయన ముచ్చట్లు మొదలుపెట్టారు. ఆ చొక్కాతోనే నిచ్చెన మీది నుంచి జారాడని ఒకరు, మా ఇంట్లో గుమ్మం ఊరికే బాగుచేసి పెట్టాడని మరొకరు. ఆయన పోయాక ఆ హాల్లో ఆయన పేరు అంతసేపు వినపడటం అదే మొదలనుకుంటాను. లీలమ్మ గ్లాసులు అందిస్తూ అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

వెళ్లేటప్పుడు జూలీ చెప్పులు వేసుకుంటూ అంది. "లైట్లు మంచిగైనయ్ వదినె, సంతోషం. కాని అందరి ఇండ్లల్ల తిరిగితేనే మంచిది. వచ్చే వారం మా ఇంట్ల, ఆ వెనక ఆనందమ్మ ఇంట్ల. నీ వంతు వచ్చినప్పుడు ఇక్కడ."

ఇది ముందే అనుకున్న మాటలా ఉంది. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మంచిదే. అందరి ఇండ్లకు దీవెన కావాలె గద" అంది లీలమ్మ. ఆనందమ్మను గడప దాటించి, సందు మలుపు దాకా పోయి వచ్చింది.

హాలు కిటికీ వెలుతురు ఎప్పటిలాగే నా మెట్ల మీద పడుతోంది. ఆమె గోడకు ఆనుకుని అదే చోట కూర్చుంది. బొంత మడిచి పక్కన పెట్టుకుంది. ఆ ఉక్కలో దానితో పని లేదు. సీలింగు వైపు చూస్తోంది. లైట్లు పోయే వేళ వచ్చి దాటిపోయింది. నేను పుస్తకం పట్టుకుని రెండు మెట్లు దిగాను.

"లైట్లు ఇగ పోతలేవు బిడ్డా" అంది నన్ను చూసి. "చూడనీకి రావాల్సిన పని లేదు. నువ్వు చదువుకో."

నేను ఆ మెట్టు మీదే ఆగిపోయాను. కాసేపటికి ఆమే లేచి స్విచ్చు ఆపింది.